మేడ మీది ఓడ

నా చిన్నప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ ఈ పిల్ల పెద్దయ్యాక ఇంత వాగుడుకాయ అవుతుందని కలలో కూడా అనుకుని ఉండరు. ఇప్పుడు నేను ఫోన్ పట్టుకున్నానంటే అవతలివాళ్ళు పొయ్యి మీద పప్పు పెట్టుకుని, అది ఉడికాక దించుకుని వచ్చి మళ్ళీ వింటారు. అలాంటి నేను అయిదేళ్ళ వయసులో ఇంటి గడప దాటితే నోరు విప్పేదాన్ని కాదు.

మాట రాక కాదు, నాకు నత్తి. మాట గొంతులోంచి బాగానే బయలుదేరేది, పెదవుల దగ్గరికి వచ్చేసరికి ఇరుక్కునేది. అమ్మ చేతిలో పని ఆపకుండా, ఓపిగ్గా, నేను పూర్తిచేసేదాకా వినేది. వీధిలో పిల్లలకు అంత ఓపిక ఎక్కడిది? నేను మొదలుపెట్టిన అక్షరాన్ని నాకంటే ముందే అందుకుని, దాన్నే సాగదీసి అని, పడీపడీ నవ్వేవారు. వాళ్ళకది ఒక పాటలా ఉండేదేమో. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఒకనాడు ఇక వీళ్ళెవరితోనూ మాట్లాడేది లేదని తీర్మానించుకున్నాను. అంత చిన్నపిల్ల అంత మొండిగా ఉండగలదా అని మీకు అనుమానం రావచ్చు. మా ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు, ఇప్పటికీ ఉండగలను.

అప్పుడు మేము విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక పాత మేడ కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. మా నాన్న శ్రీకాకుళం వైపు పల్లెలో సేద్యం వదిలి వచ్చి పోర్టులో కళాసీగా చేరాడు. ఓడ కడుపులోకి దిగి సరుకు కట్టి పైకి పంపే పని. మేడ మీది వాటాలో సాయిబు తాతయ్య ఉండేవాడు. ఆయన కూడా పోర్టులోనే వించీ నడిపి రిటైరైన మనిషి. వించీ అంటే సరుకును ఓడలోంచి తాళ్ళతో లేపి గట్టు మీద దించే యంత్రం. పగలంతా చెక్క వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, వీధిలో పోయే ప్రతివాడినీ పలకరించి, ప్రతి పిల్లకూ ఒక ముద్దుపేరు పెట్టేవాడు. నన్ను మాత్రం ఊరికే 'బేటీ' అనేవాడు. నేను జవాబు చెప్పకపోయినా చెప్పినట్టే తలూపి ఊరుకునేవాడు.

ఆ ఏడు వేసవికి ముందు నాన్న నన్ను బడిలో వేయడానికి తీసుకెళ్ళాడు. పెద్ద టీచరమ్మ ఎదుట నిలబెడితే ఆవిడ నా పేరు అడిగింది. నత్తి ఉన్నవాళ్ళకు తెలుసు, లోకంలో ఉన్న మాటలన్నిటిలోకీ సొంత పేరు చెప్పడమే కష్టం. దానికి బదులు ఇంకో మాట వెతుక్కుని తప్పించుకోలేం కదా. నేను నేల చూపులు చూస్తూ నిలబడిపోయాను. ఆవిడ చెడ్డది కాదు. గదినిండా పిల్లల మధ్య మాట్లాడని పిల్లను చూసుకోవడం తన వల్ల కాదనీ, బడి తెరిచాక మళ్ళీ తీసుకురమ్మనీ, పేరు చెబితే చాలు చేర్చుకుంటాననీ అంది.

నాన్న ఇంటికి వచ్చి తన తీర్పు తాను చెప్పేశాడు. అప్పటికీ చెప్పకపోతే నన్ను ఊరికి పంపేస్తాడట. అక్కడ మా అత్తకు చంటిపిల్ల ఉంది, ఎత్తుకోవడానికి మనిషి కావాలి. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. తనకు చదువు లేదు, నాకైనా ఉండాలని ఆవిడ పట్టు. నాకు చదువంటే ఏమిటో తెలియదు గానీ, అమ్మ ఒకచోట నేనొకచోట అన్నది బాగా అర్థమైంది.

ఇక రోజూ సాయంత్రం నాన్న డ్యూటీ దిగి, స్నానం చేసి, పలక ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ముందు పేరు చెప్పమనేవాడు, తరవాత 'అ' అనమనేవాడు. ఆయన ముఖం చూస్తేనే నా గొంతుకు తాళం పడేది. కొట్టలేదు, తిట్టలేదు. ఆశగా చూసేవాడు, అదే భరించలేకపోయేదాన్ని.

రోజూ ఇదంతా పైనుంచి వింటున్న సాయిబు తాతయ్య ఒకనాడు పొద్దున్నే ఒక చేపల గంప, మోకుతాడు, ఒక కప్పీ సంపాదించుకొచ్చాడు. కప్పీని ఒక కర్ర చివర బిగించి, ఆ కర్రను అటూ ఇటూ తిరిగేలా వరండా దూలానికి కట్టాడు. గంపను ఎంత కడిగినా వాసన పోలేదు, వీధిలో పిల్లులన్నీ ఆ పూట మా ఇంటి ముందే కాపరం పెట్టాయి. వరండా ఓడ అన్నాడు. కింద మా గుమ్మం గట్టు అన్నాడు. కొబ్బరిచిప్పల్లో ఇసక మాంగనీసు, ఇటికముక్కలు ఇనుము, చింతపిక్కలు బియ్యం. ఇంకేముంది, వీధిలో పిల్లలంతా దిగిపోయారు. నన్ను వెక్కిరించేవాళ్ళే.

అప్పుడాయన పోర్టు పని పద్ధతి ఒకటి చెప్పాడు. వించీ నడిపేవాడు తన చోటునుంచి కదలడు, సరుకు ఎక్కడ లేస్తోందో ఎక్కడ దిగుతోందో అతనికి కనబడదు. ఓడ అంచు మీద నిలబడి చెయ్యి ఊపే సిగ్నల్ మనిషే అతనికి కళ్ళు. వేలు పైకి తిప్పితే లేపాలి, అరచెయ్యి కిందికి ఆడిస్తే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. నోటితో అయితే లేపడానికి 'హబేస్', దించడానికి 'ఆరియా'. ఓడలవాళ్ళు ఎప్పటినుంచో అనే మాటలవి. సిగ్నల్ పని నాకంటే నాకని పిల్లలు కొట్టుకుంటుంటే తాతయ్య పైనుంచి వంగి చూశాడు.

"సిగ్నల్ మడిసి ఊరికే వాగకూడదర్రా. సెయ్యి ఒక్కటే మాట్లాడాల. వాగకుండా ఉండగలిగినోళ్ళు మనలో ఎవులున్నారు?"

అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని, తరవాత నావైపు తిరిగారు. నా జన్మలో నా మౌనం ఒక అర్హత కావడం అదే మొదటిసారి. ఇటిక మీద ఎక్కి నిలబడ్డాను. నేను వేలు తిప్పితే గంప లేచింది. పిడికిలి బిగిస్తే గాల్లో ఆగింది. అంత పెద్దమనిషి నా చిటికెనవేలు చెప్పినట్టు తాడు లాగుతుంటే నేనేదో ఊరికి మునసబునైనట్టు అనిపించింది.

ఆ వేసవంతా అదే ఆట. కుడి ఎడమలు నాకు అక్కడే తెలిశాయి, ఎందుకంటే ఎడమకు పోతే గంప గోడకు కొట్టుకునేది. ఇసక ఎక్కువైతే ఒక పక్కకు ఒరిగేది, అటు తీసి ఇటు వేస్తే సర్దుకునేది. ఎన్ని చిప్పలు ఎక్కాయో వేళ్ళతో చూపించాలి గనక లెక్క వచ్చింది. నా వంతు వచ్చేదాకా ఆగడం, ఇంకొకడి వంతులో తప్పు చేస్తే పళ్ళు బిగబట్టి ఊరుకోవడం కూడా వచ్చాయి. ఎవరూ నేర్పుతున్నామని అనలేదు, మేమూ నేర్చుకుంటున్నామని అనుకోలేదు. నాన్న మాత్రం పలకతో ఎదురుచూసి విసుక్కునేవాడు. "ఈ ఆటలేటే ఇంకా? బడిలో ఆటలడుగుతారేటి?" అని అమ్మ మీద ఎగిరేవాడు. అమ్మ విని, మర్నాడు పొద్దున్నే మళ్ళీ నన్ను గుమ్మంలోకి తరిమేసేది.

ఇలా ఉండగా ఒకరోజు తాతయ్య కుర్చీని వెనక్కి తిప్పేసుకుని, గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఎండ కళ్ళలో కొడతంది, మీ సేతులు నాకు కనబడవు, నోటితో సెప్పండన్నాడు. పైగా సిగ్నల్ మాట తప్ప ఇంకెవరి మాటా వించీ వినదని రూలు పెట్టాడు. నాకు అన్యాయం అనిపించింది. ఆరోజు గంపలో ప్రయాణికురాలు కూడా ఉంది మరి, నా ఏటికొప్పాక లక్కబొమ్మ. దాన్ని నేనే స్వయంగా కొబ్బరిచిప్ప మీద కూర్చోబెట్టాను. నేను వేలు తిప్పుతున్నాను, పిడికిలి బిగిస్తున్నాను, గంప మాత్రం తన ఇష్టం వచ్చినట్టు దిగుతోంది. పిల్లలు తలో మాటా అరుస్తున్నారు, ఆయన ఉలకడు పలకడు. గంప గుమ్మం దాటి ఊగుతూ ఊగుతూ మురిక్కాలవ మీదికి వచ్చింది. బొమ్మ అంచుకు జారింది.

"హబేస్!" అన్నాను.

హ అనేది ఊపిరితో పుట్టే అక్షరం. ఎక్కడా తట్టుకోకుండా వచ్చేసింది. నేనే అన్నానని నాకు తెలియలేదు. గంప ఠక్కున ఆగి పైకి లేచింది. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? కోపం తన్నుకొచ్చింది.

"ఏటి తాతా, కళ్ళు ఎక్కడెట్టుకున్నావు! నా బొమ్మ కాలవలో పడిపోతంది! లాగు, ఇంకా లాగు!"

పుట్టి బుద్ధెరిగాక వీధిలో నేనన్న మొదటి పూర్తి వాక్యం ఒక తిట్టు. పిల్లలు నోళ్ళు తెరిచి నిలబడిపోయారు. అమ్మ పిండి చేతులతో గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. అప్పుడు తాతయ్య చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది. ఆయన వెనక్కి తిరగలేదు. శభాష్ అనలేదు. ఏమీ జరగనట్టు, అదే గొంతుతో, "ఎంత లాగాలో సరిగ్గా సెప్పు బేటీ, నాకేటి కనబడతందా?" అన్నాడు. ఆ క్షణాన అందరూ నా చుట్టూ చేరి చప్పట్లు కొట్టి ఉంటే నేను మళ్ళీ నత్తగుల్లలోకి దూరిపోయేదాన్ని. ఆయన ఆట ఆపలేదు గనక నేనూ ఆపలేదు. కొంచెం ఎడమకు, ఇంకొంచెం, ఆరియా, ఆరియా, అని మధ్యాహ్నం అన్నాల వేళదాకా ఆయన్ను నానా చాకిరీ చేయించాను. వించీ మీద పేరుమోసిన ఆ మనిషికి ఎండ, నీడ ఒక లెక్కా?

తరవాతి ఆదివారం నాన్న కూడా దిగాడు. ఎవరూ పిలవలేదు. గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, లుంగీ ఎగ్గట్టి, "సరుకు కట్టేవోడు లేకుండా ఓడేటి?" అంటూ గంపకు ముడి వేయడానికి కూర్చున్నాడు. అది ఆయన పనే కదా. ముడి వదులైందని నేను కసిరితే తలెత్తి తాతయ్యవైపు చూసి నవ్వాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయని అమ్మ చెబుతుంది. నాకు ముడి మీదే ధ్యాస.

బడి తెరిచారు. నాన్న డ్యూటీలో ఉన్నాడు, అమ్మ నా చెయ్యి పట్టుకుంది, తాతయ్య తోడు వచ్చాడు. పెద్ద టీచరమ్మ నన్ను గుర్తుపట్టి, నవ్వి, మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. నేను నోరు తెరిచాను. మొదటి అక్షరం వచ్చి, మళ్ళీ అదే వచ్చి, మళ్ళీ అక్కడే ఆగిపోయింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఊరు, అత్త, చంటిపిల్ల అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"టీచరమ్మగారూ, పేరు తరవాత సెబుతాది," అన్నాడు తాతయ్య గుమ్మంలోంచి. "ఒక్క ఆట ఆడదురూ. మీరు వించీ, మా బేటీ సిగ్నల్. ఆ డస్టర్ సరుకు, సాక్‌పీసుల డబ్బా ఓడ. మీరు కళ్ళు మూసుకోవాల."

ఆవిడ ఒక్క క్షణం ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. కసురుతుందనుకున్నాం. డస్టర్ పట్టుకుని కళ్ళు మూసేసుకుంది. ఆవిడకు ఆట తెలిసినంతగా ఎవరికీ తెలియదని తరవాత ఆవిడ దగ్గర చదివినన్నాళ్ళూ చూశాను. "హబేస్," అన్నాను చిన్నగా. డస్టర్ లేచింది. "ఆరియా," అంటే దిగింది గానీ, డబ్బాలోకి కాదు, సిరాబుడ్డి మీదికి. నాకు ఉండబట్టలేదు. అటు కాదు, కుడేపు, ఇంకా కుడేపు, బస్, ఇప్పుడు దించండి, మెల్లగా, అని గదంతా వినబడేలా పని చెప్పాను. ఆవిడ కావాలనే తప్పు చేస్తోంది, నేను దిద్దుతున్నాను. వెనక కిసుక్కుమన్నవాళ్ళు కూడా మెడలు సాచి చూస్తున్నారు. చివరికి డస్టర్ డబ్బాలో పడింది. కళ్ళు ఇంకా తెరవకుండానే ఆవిడ, "సరుకు చేరింది. ఇంతకీ ఈ ఓడ పేరేమిటి?" అంది.

ఓడ నాది. నా ఓడకు ఇంకెవరి పేరు పెడతాను? ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను, గట్టిగా, పోర్టులో ఈ గట్టునుంచి ఆ గట్టుకు కేకేసినట్టు. ఒక్క అక్షరం ఇరుక్కోలేదు. ఆవిడ కళ్ళు తెరిచి, కలం తీసి, నన్నే చూస్తూ ఆ పేరు రాసుకుంది. అమ్మ బడి అని కూడా చూడకుండా నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పేసింది. ఇంటికి వచ్చే దారిలో తాతయ్య ఎదురొచ్చిన ప్రతివాడికీ మా ఓడ రేవు చేరిందని చెప్పాడు. ఆ సాయంత్రం నాన్న పలక మూలన పెట్టి, వీధి పిల్లలందరికీ ఖాజాలు పంచాడు.

నత్తి పూర్తిగా పోలేదు. ఇప్పటికీ కోపంలో రాదు గానీ, మొహమాటంలో వస్తుంది. అందుకని మొహమాటం మానేశాను, అదే నయం. చదువుకున్నాను, చిన్నపిల్లలకు టీచర్నయ్యాను, రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో మా ఇంటి ముందుగదిలో పసివాళ్ళను చేరదీసి ఆడిస్తున్నాను. మా వాడికి ఇంకా ఏబీసీడీలు రాలేదు, మీరెంతసేపూ ఆడిస్తారే తప్ప ఏమీ నేర్పరేంటండీ అని తల్లిదండ్రులు అడుగుతారు. నేర్పను. నేను చేసేదల్లా వాళ్ళ ముందు తెలివితక్కువదానిలా ఉండటం. ఇంత వయసొచ్చీ అది అంత తేలిక కాదు, మనకు తెలిసింది చెప్పేయాలని నాలుక దురద పెడుతూనే ఉంటుంది. ఆ దురద ఆపుకోవడమే సాయిబు తాతయ్య నాకిచ్చిన విద్య.

మొన్న ఒక చిన్నది, చేరిన దగ్గర్నుంచీ పెదవి కదపనిది, పీటను బస్సు చేసుకుని నా వెనక కూర్చుంది. నేను డ్రైవర్ని. మద్దిలపాలెం వచ్చిందన్నాను, దిగేవాళ్ళు దిగండన్నాను, కూర్మన్నపాలెం పోవాల్సిన బస్సును తిన్నగా రుషికొండ వైపు తిప్పాను. వెనకనుంచి నా వీపు మీద చరుస్తూ, "అటు కాదు మామ్మా! నీకు దారి తెల్దేటి?" అని అరిచింది. నాకు కేక వేసి, దాన్ని గుండెలకు హత్తుకుని, వాళ్ళమ్మకు ఫోన్ చేసి, వీధంతా పిలవాలనిపించింది. ఏమీ చేయలేదు. వెనక్కి తిరగను కూడా తిరగలేదు. కళ్ళు తుడుచుకుని, "తెలీదు తల్లీ, నువ్వే చెప్పు," అన్నాను.