అంకుల్ తీసుకెళ్ళాల్సిన శాలువా

మా పక్కింటి అంకుల్ పోయారు. గురువారం పొద్దున వాళ్ళమ్మాయి ఒహాయో నుంచి ఫోన్ చేసి, హాస్పిటల్లో నిద్రలోనే వెళ్ళిపోయారని చెప్పింది. తను వచ్చేదాకా ఇంటి తాళం నా దగ్గరే ఉంచమంది. కిటికీలోంచి చూస్తే మంచు తోసే పార వాళ్ళ గోడకి ఆనించే ఉంది. మేం డెట్రాయిట్ పక్కన ఈ ట్రాయ్‌కి వచ్చినప్పటినుంచీ ముందు మా వాకిలి, తర్వాతే తనది శుభ్రం చేసేవారు. ఎందుకండీ అంటే, మీ ఆయన పార పట్టుకునే తీరు చూడలేకపోతున్నాననేవారు.

అంకుల్‌ది ఐర్లండ్. కుర్రతనంలో డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో పనికొచ్చి, ఇక్కడి పౌరుడు కాకముందే సైన్యం నుంచి పిలుపొస్తే వియత్నాం వెళ్ళారు. అక్కడ ధైర్యానికి పతకం ఇచ్చారు. ఆ సంగతి మాకు చాలాకాలం తెలియదు. మా అల్లం టీ తాగుతూ, ఇది జలుబు చేసినవాళ్ళు తాగేది కదా అని సణుగుతూనే రెండో కప్పు అడిగే మనిషిగానే తెలుసు. ఒకరోజు మా పాప ఆయన గరాజ్‌లో సైకిల్ బాగుచేయించుకుని వచ్చి, "అమ్మా, అంకుల్‌కి మెడల్ ఉంది. వార్‌లో ఇచ్చారంట. స్క్రూస్ డబ్బాలో పెట్టాడు" అంది.

మనవాళ్ళ సంగతి తెలుసు కదా. వీరుడు చేతికి దొరికితే సన్మానం చేయకుండా వదులుతామా? రెండేళ్ళ కిందటి ఆగస్టు పదిహేను పిక్నిక్‌లో కుర్చీ వేసి, దండ వేసి, పట్టు శాలువా కప్పారు. మైకు పట్టుకున్నాయన ఉత్సాహం కొద్దీ ఇంగ్లండ్‌లో పుట్టిన వీరుడని పరిచయం చేశాడు, అదీ ఆగస్టు పదిహేనున! అంకుల్ మైకు అందుకుని, ఆ ఇంగ్లీషువాళ్ళని పంపించడానికి ఐర్లండ్‌లో మేమూ మీలాగే తంటాలు పడ్డామనేసరికి పార్కంతా నవ్వింది. ఆ తర్వాత ఆయన గొంతు తగ్గింది. తుపాకుల మధ్య నుంచి ఇద్దర్ని మోసుకొచ్చినందుకు పతకం ఇచ్చారని, మూడోవాడు తన ఊరివాడేనని, ఇప్పుడే వస్తానని వాడితో చెప్పి వెళ్ళానని, తిరిగొచ్చేసరికి వాడి ప్రాణం పోయిందని చెప్పారు. చప్పట్లు కొట్టాలో మానాలో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు శాలువా పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఇది ఎందుకు కప్పుతారని అడిగారు. గౌరవంతో, మాటలు చాలనప్పుడు అన్నాను. ఆ స్నేహితుడి చెల్లెలు ఇంకా ఐర్లండ్‌లో ఆ ఊళ్ళోనే ఉందన్నారు. వాడి తల్లి బతికుండగా తను వెళ్ళలేదు. ఈమెకైనా అన్న ఎలా పోయాడో ఎదురుగా చెప్పాలి. తుపాకుల మధ్యకి పరుగెత్తిన మనిషి ఇన్నేళ్ళూ ఆ ఒక్క గుమ్మం ఎక్కలేకపోయారు.

"ఇది ఆమె భుజాల మీద ఎలా వేయాలో నేర్పమ్మా," అన్నారు. "ఇది కప్పితే మాటలు వాటంతటవే వస్తాయేమో."

అలా మా డైనింగ్ కుర్చీ ఆ చెల్లెలైంది. వెనక నుంచి వేయాలి, జరీ అంచు పైకి రావాలి, రెండు కొసలూ ముందు సమంగా పడాలి. ఆయన పెద్ద చేతుల్లో పట్టు జారిపోయేది. సైన్యంలో దుప్పటి మడవడమే నయమని విసుక్కునేవారు. టికెట్ మాత్రం బుక్ చేయలేదు. అడిగితే మంచు కరగనీ అనేవారు. మంచు కరిగాక గడ్డి కోయాలనేవారు. పోనీ ఫోన్ చేయండంటే, ఫోన్లో శాలువా ఎలా కప్పనమ్మా అనేవారు. ఈలోగా తుంటి ఎముక విరిగి వాకర్ వచ్చింది, తర్వాత ఊపిరి ఆడక హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఆయన పోయారన్న బాధ కంటే, వెళ్ళకుండానే పోయారన్న బాధ నన్ను ఎక్కువ తినేస్తోంది.

శుక్రవారం వాళ్ళమ్మాయి వచ్చాక ఇద్దరం ఇల్లు తెరిచాం. వంటగదిలో ఒక కుర్చీ తలుపు వైపు తిప్పి ఉంది. దాని మీద శాలువా ఉంది.

"నాన్నకి చలేసేదా ఆంటీ?" అంది తను.

తనకి ఆ చెల్లెలి సంగతి తెలియదు. అంతా చెప్పాను. శాలువా తీయబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను దగ్గరికెళ్ళి చూశాను. జరీ అంచు పైకి ఉంది. రెండు కొసలూ ఎక్కడా హెచ్చుతగ్గు లేకుండా ముందుకు పడి ఉన్నాయి. నేను నేర్పినప్పుడు ఆయనకి ఒక్కసారి కూడా అంత బాగా కుదరలేదు.