ఉస్తాద్ చెప్పిన నాలుగో వంతు

పొద్దున దవాఖానల మంచాలకు దుప్పట్లు మారుస్తుంటే పత్తి మిల్లు కావలాయన వచ్చి గుమ్మం బయటనే నిలబడ్డడు. "ఉస్తాద్ పోయిండమ్మా, తెల్లారే నమాజు వేళకు," అన్నడు. వారం దినాల జ్వరం. తగ్గుతదనే అనుకున్నం. చేతిల దుప్పటితోనే ఖాళీ మంచం మీద కూసున్న.

జడ్చర్లల ఆయన మిల్లు ఇంజను, డైనమో చూసుకునే పెద్ద మిస్త్రి. ఊరికి కరెంటు లేదు. మిల్లుకు, దాని పక్కనున్న మా ఆరు మంచాల దవాఖానకు ఆ డైనమోనే దిక్కు. నేను అక్కడ నర్సును. కూలి చేసుకునే ఇంట్ల పుట్టి, మిషన్ బడిల ఏడో తరగతి దాక చదివిన. ఆయన చదివింది ఉర్దూల, అదీ కొద్దిగనే. అయినా నాకు లెక్కంటే ఏందో చెప్పింది ఆయనే.

దవాఖానకు వస్తే చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కొని గాని లోపలికి వచ్చేటోడు కాదు. కరెంటు పలక మీద ఒక్క చెయ్యే పెట్టేటోడు. రెండోది ఎప్పుడూ జేబులనే. ఎందుకని అడిగితే, "రెండు చేతులు తాకితే కరెంటు గుండెల నుంచి పోతది. గా చెయ్యి జేబుల ఉంటేనే మనిషి ఇంటికి పోతడు బేటీ," అన్నడు.

నేను ఆయన శిష్యురాలినైన దినం మాత్రం మంచిది కాదు. పట్నం నుంచి పనిముట్లు మరగబెట్టే కరెంటు పాత్ర కొత్తగ వచ్చింది. అదే వారం, కాన్పు కష్టమైన ఒకామెను ఎడ్లబండి మీద తెచ్చిండ్రు. కోత పెట్టాలె అన్నది డాక్టరమ్మ. నేను పనిముట్లు పాత్రల వేసి మీట నొక్కిన. అరగంటైనా నీళ్లు వేడెక్కినయి గాని మరగలే. పైన జర ఆవిరి కనబడ్డది. ఇగ చాలనుకొని మూత తీయబోయిన.

దీపం బాగు చేయడానికి వచ్చిన ఉస్తాద్ అది చూసిండు. "ఆగు. దాని మీద ఏం రాసుంది?"

"రెండొందల ఇరవై వోల్టులు, ఐదు ఆంపియర్లు."

"మన డైనమో ఇచ్చేది?"

"నూటపది. సగమే కద ఉస్తాద్, రెండింతల సేపు పెడితే మరుగుతది."

"అందాజు మాట నాకొద్దు. లెక్క చెయ్యి." చెవి మీది పెన్సిల్ తీసి ఇచ్చిండు. "వోల్టులను ఆంపియర్లతోని భాగించు. లోపల వేడెక్కే తీగ కరెంటుకు పెట్టే అడ్డు ఎంతో తెలుస్తది."

నలభై నాలుగు ఓములు వచ్చింది.

"తీగ మారలే, అడ్డు మారలే. ఇప్పుడు నూటపదిని దాంతోని భాగించు."

రెండున్నర ఆంపియర్లు.

"వోల్టులను ఆంపియర్లతోని గుణిస్తే జోరు. వాట్లు అంటరు. రెండూ చూడు."

పాత్రకు కావల్సింది పదకొండు వందల వాట్లు. దానికి అందుతున్నది రెండొందల డెబ్బై ఐదు. వోల్టులు సగమైతే ఆంపియర్లు గూడ సగమైతయి. జోరు నాలుగో వంతుకు పడిపోతది. "గంత తక్కువ వేడి పాత్ర గోడల నుంచే పోతది. సాయంత్రం దాక పెట్టినా మరగదు," అన్నడు.

మరగని పనిముట్లతోని కోత పెడితే పుండు చీము పట్టి తల్లి పోయేది. ఆయన పెరట్ల కట్టెలు పేర్చి, తనే ఊది మంట లేపి, పెద్ద గిన్నెల నీళ్లు తెర్లబెట్టిండు. ఆలస్యమెందుకైందని డాక్టరమ్మ కోపంగ అడిగితే నేను నోరు తెరవక ముందే, "నా డైనమోల వోల్టులు తక్కువమ్మా, కసూరు నాది, తప్పంత నాదే," అన్నడు.

తల్లి బతికింది. ఆడపిల్ల పుట్టింది. అప్పుడు పోయి, మరగని పనిముట్లే తీయబోయిననని డాక్టరమ్మకు నిజం చెప్పిన. ఆమె, "ఆయన దగ్గర ఆ లెక్క నేర్చుకో," అన్నది.

తెల్లారి ఉస్తాద్ పాత్ర అడుగు విప్పిండు. లోపలి తీగ చుట్టను సరిగ్గ నడుమకు తెంపి, రెండు ముక్కలను పక్కపక్కన కలిపిండు. ముక్కకు ఇరవై రెండు ఓములు. కరెంటుకు రెండు బాటలు దొరికినయి గనక మొత్తం అడ్డు పదకొండే. "ఇగ చెప్పు." నూటపదిని పదకొండుతోని భాగిస్తే పది ఆంపియర్లు, జోరు మళ్ల పదకొండు వందలు! నేను చప్పట్లు కొట్టిన. ఆయన నవ్వి, "పది ఆంపియర్లకు గీ సన్న తీగ తాళదు," అని గోడ మీది తీగంత మార్చినంక గాని మీట నొక్కనియ్యలే.

నీళ్లు తెర్లినయి. ఆంపియర్లు చూపే మీటరు ముల్లు మాత్రం తొమ్మిదిన్నర కాడ ఆగింది. "కాయితం మీద పది గద. అర ఆంపియర్ ఏమాయె? కనుక్కో," అని చాయ తాగనీకి పోయిండు. రెండు దినాలు తిప్పలు పడి, వోల్టుమీటరు పాత్ర దగ్గరనే పెట్టి చూసిన. నూట ఐదే ఉన్నది. మిల్లు నుంచి వచ్చే తీగనే ఐదు వోల్టులు తింటున్నది. పరుగున పోయి చెప్తే, "నాకు తెలుసు. నీకు తెల్వాలెనని అడిగిన," అన్నడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కండ్లల్ల ఉన్న సంబురం మా నాయిన కండ్లల్ల గూడ నేను ఎన్నడూ చూడలే.

మధ్యాహ్నం ఉస్తాద్ జనాజా మిల్లు ముంగట నుంచి పోయింది. నేను, డాక్టరమ్మ గేటు పక్కన నిలబడ్డం. ఇంజను ఆపేసిండ్రు. యంత్రాలను తిప్పే తోలు పట్టాలు తిరుగుడు మెల్లగైంది, ఆగిపోయింది. ఎప్పుడూ గాలిల తేలే పత్తి నూగు నెమ్మదిగ కిందికి దిగి, పాడె మోసేటోళ్ల భుజాల మీద, తలల మీద వాలింది. ఎవ్వరూ దులుపుకోలే.