కెమెరా లేని కంప్యూటర్

ఆమెను అందరూ టంకం అక్క అనేవారు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కే అనేవారు. సోల్డరింగ్‌ను ఆమె పాత మాటలో టంకం అనేది, అలా ఆ పేరు అతుక్కుపోయింది. కుట్టుమిషన్లు అమ్మే దుకాణం పైన, మెట్లెక్కగానే ఎడమవైపు గది ఆమె పనిచోటు. వెనక గదిలో ముసలి తల్లితో కలిసి కాపురం.

పదకొండేళ్లు ఆమె ఒక కంప్యూటర్ల కంపెనీలో రిపేరు విభాగంలో పనిచేసింది. కంపెనీ చేసేది ఒకటే సరుకు, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు. కళ్లజోడు పెట్టెలా తెరుచుకుంటుంది. పైన తెర, కింద వేలిగోరంత మీటలు. ఫోన్లు వచ్చి దాన్ని మింగేశాయి. కంపెనీ మూసేసిన రోజు తుక్కులో పడెయ్యబోతున్న విడిభాగాలను ఆమె రెండు అట్టపెట్టెల్లో నింపుకుని బస్సెక్కింది. రెండేళ్లు గడిస్తే గొప్ప అనుకుంది. పదిహేనేళ్లు గడిచాయి.

ఎందుకంటే ఆ యంత్రాన్ని వదలని మొండివాళ్లు కొందరుండేవారు. ఎర్రటి ఎండలోనూ తెర కనబడుతుందని ఒక సర్వేయరు వదల్లేదు. మీట నొక్కితే నొక్కినట్టు తెలుస్తుందని మందుల షాపావిడ వదల్లేదు. వాళ్ల యంత్రాలకు అక్క కొత్త బ్యాటరీలు కట్టేది, తెర వెనక దీపం అమర్చేది. అన్నిటికన్నా కష్టమైనది యంత్రం జ్ఞాపకం, అంటే మెమరీ, పెంచడం. పాత చిప్ నెత్తిన కొత్త చిప్ కూర్చోబెట్టి, చీమకాళ్లలాంటి వాటి కాళ్లను ఒక్కొక్కటీ భూతద్దం కింద అతకాలి. "ముసలాయనకి కొత్త మోకాళ్లు వేస్తున్నా, కదిలించకండి" అనేది, ఎవరైనా బల్లకు ఆనుకుంటే.

బ్యాటరీ తీస్తే లోపల రాసుకున్నదంతా చెరిగిపోయే రకం యంత్రం అది. అందుకని విప్పే ముందు అంతా ఒక చిన్న మెమరీ కార్డులోకి ఎక్కించుకుని, సరిగ్గా వచ్చిందో లేదో అక్కడక్కడా తెరిచి చూసేది. నెల రోజులు ఆ కార్డు దాచి, ఆ తర్వాత తుడిచేసేది. తల్లికీ, తమ్ముడికీ కూడా తెలిసిన సంగతే ఇది.

ఒక ఉదయం జైలు ఆసుపత్రి కాంపౌండరు వచ్చాడు. రిటైరవడానికి ఏడాది ఉన్న బక్కపలచని మనిషి. జైలు గేటు దాటి ఫోను తీసుకెళ్లడం సిబ్బందికి కూడా కుదరదనీ, దీనికి కెమెరా లేదు కాబట్టి ఆటబొమ్మ అనుకుని వదిలేస్తున్నారనీ చెప్పాడు. యంత్రంలో రాసుకునే చోటు నిండిపోయిందట, పెంచాలట. అక్క మాటవరసకి తన తమ్ముడూ అక్కడే వార్డరని చెప్పింది. కాంపౌండరు బల్ల మీద పెట్టిన యంత్రాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు అలాగే నిలబడి, తిరిగి బల్ల మీదే పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆమె కార్డు పరీక్షించడానికి ఒక పేజీ తెరిచింది.

"ఏడో బ్యారక్. ఇరవై రెండేళ్లవాడు. కుడిచేతి మూడు వేళ్లు నలిగాయి. తలుపు సందులో పెట్టి మూశారు. రిజిస్టర్లో: జారిపడ్డాడు."

"మూడో బ్యారక్. వీపు మీద లాఠీ వాతలు పంతొమ్మిది. రిజిస్టర్లో: గజ్జి."

ప్రతి వరస చివరా కొట్టినవాళ్లెవరో ఉంది. చాలా చోట్ల ఒకటే మాట ఉంది: చెవిటి వార్డరు. నాలుగేళ్ల కాలంలో నలభై ఒక్కసార్లు. ఆఖరి వరసలో ఒక సైకిల్ మెకానిక్ ఉన్నాడు. పక్కటెముకలు ఆరు విరిగి ఊపిరితిత్తిలోకి దిగాయి. ఆసుపత్రికి తెచ్చేటప్పటికే ప్రాణం లేదు. కొట్టింది చెవిటి వార్డరు, ఇంకో ఇద్దరు. రిజిస్టర్లో: గుండెపోటు.

ఆ చెవి ఎలా పోయిందో అక్కకు తెలుసు. వాళ్ల నాన్న కోతమిల్లులో పనిచేసేవాడు. మిల్లులో అరిగిన తోలు బెల్టు ముక్క ఇంటికి తెచ్చుకున్నాడు, పిల్లల్ని కొట్టడానికే. ఆమె మీద బెల్టు లేచిన ప్రతిసారీ తమ్ముడు పరిగెత్తుకొచ్చి ఆమె మీద బోర్లా పడేవాడు. ఆమెకన్నా రెండేళ్లు చిన్న. ఒకసారి బెల్టుకున్న ఇత్తడి బిళ్ల తగిలి చెవి చీలింది, ఆ చెవి మళ్లీ వినబడలేదు. రక్తం ఆమె మెడ మీదుగా కారింది. తల్లి వంటింట్లోంచి బయటికి రాలేదు. ఎప్పుడూ వచ్చేది కాదు. పదిహేనేళ్లప్పుడు తమ్ముడు కట్టెతో నాన్న మణికట్టు విరగ్గొట్టాడు. ఆ రోజుతో ఇంట్లో దెబ్బలు ఆగిపోయాయి.

పని మాత్రం ఆపలేదామె. అయితే ఆ మధ్యాహ్నం ఒకే చిప్ కాలును మూడుసార్లు అతకాల్సి వచ్చింది.

కాంపౌండరు యంత్రం కోసం వచ్చినప్పుడు, అందులో రాసిందంతా ఎవరికి చూపిస్తారని అడిగింది. వచ్చే నెల జడ్జి జైలు చూడ్డానికి వస్తున్నాడనీ, ఆయన చేతికిస్తాననీ అతను చెప్పాడు.

"అందులో మా తమ్ముడున్నాడు."

"తెలుసమ్మా. అందుకే ఆ రోజు వెనక్కి పట్టుకుపోదామనుకున్నా."

"మరెందుకు పట్టుకుపోలేదు?"

"దీన్ని బాగుచేసేవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు కదమ్మా."

ఆమె యంత్రం ఇచ్చేసింది. అంతటితో ఊరుకుని ఉంటే ఎలా ఉండేదో. ఊరుకోలేకపోయింది. ఆదివారం పొద్దున తమ్ముడింటికి వెళ్లింది. అతను పెరట్లో కారుతున్న కుళాయి విప్పుతున్నాడు. మరదలు లోపలుంది. తనే వెళ్లి తప్పు ఒప్పుకుంటాడని, వాడిలో ఆ పాత తమ్ముడు ఇంకా ఉన్నాడని ఆమె ఆశ. మెల్లగా అడిగింది.

"ఆ సైకిల్ మెకానిక్ ఎలా పోయాడ్రా?"

అతని చేతిలో పానా ఆగిపోయింది. తలెత్తకుండానే, ఎవరు చెప్పారన్నాడు. ఆమె చెప్పక్కర్లేకపోయింది. జైలు మొత్తంలో ఆమె బాగుచేసిన యంత్రం పట్టుకు తిరిగేది కాంపౌండరు ఒక్కడే.

రెండు రోజుల తర్వాత కాంపౌండర్ను అతని మందుల గదిలోనే కొట్టారు. స్టూలు ఎత్తి దవడ మీద మోదారు. కింద పడ్డాక బూట్లతో తొక్కారు. యంత్రాన్ని గచ్చు మీద పెట్టి, తెర పొడి అయ్యేదాకా మడమతో నూరారు. ఖైదీలు తిరగబడ్డారని పైకి రాసి పంపారు. ఆ కబురు మర్నాడు పొద్దున మందుల షాపావిడ మోసుకొచ్చింది. అక్కకు వెంటనే అర్థమైంది. ఆ దవడ తన నోటి మాటవల్లే విరిగింది. ఇంకెవరూ ఆ మాట అనకముందే తనకు తాను అనేసుకుంది.

గంటలో సర్వేయర్ను పిలిపించింది. దాచిన కార్డును అతని యంత్రంలోనే పెట్టి, అందులో ఏముందో చెప్పి, జడ్జి చేతికి తప్ప ఇంకెవరి చేతికీ ఇవ్వొద్దంది. కోర్టుకు ఫోను చేస్తే, జడ్జి ఊళ్లో లేడు, సాయంత్రానికి వస్తాడన్నారు. సర్వేయరు కోర్టు వరండాలోనే కూర్చుంటానని వెళ్లాడు.

మూడు గంటలకు మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తమ్ముడు, అతని వెనక ఇద్దరు వార్డర్లు. ఒకడు బండవాడు, ఒకడు మీసాలవాడు. లోపలికి రాగానే మీసాలవాడు గడియ పెట్టాడు.

"అక్కా, కార్డు ఇచ్చెయ్. ఇచ్చేస్తే వెళ్లిపోతాం" అన్నాడు తమ్ముడు. గొంతు మామూలుగానే ఉంది.

కార్డు అక్కడ లేదని చెప్పేస్తే వాళ్లు తిన్నగా ఎవరి వెంట పడతారో ఆమెకు తెలుసు. సాయంత్రం ఇంకా కాలేదు. ఇవ్వనంది.

మీసాలవాడు సొరుగులన్నీ లాగి బోర్లించాడు. పదిహేనేళ్లుగా అగ్గిపెట్టెల్లో, మాత్రల సీసాల్లో ఏరిపెట్టుకున్న చిప్‌లు నేలంతా చెల్లాచెదురయ్యాయి. బండవాడు ఆమె కుడిచెయ్యి పట్టుకుని ఖాళీ సొరుగులో పెట్టి, సొరుగును కాలితో తన్నాడు. ఆమె అరిచింది. తమ్ముడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. బండవాడు, "ఎక్కడుంది?" అని మళ్లీ తన్నాడు. రెండోసారి వేళ్లు విరిగిన చప్పుడు ఆమెకే వినబడింది.

ఎడమచేతికి టంకం వేసే ఐరన్ అందింది. పొద్దుటినుంచి వేడి మీదే ఉంది. దాన్ని బండవాడి చెంపలోకి గుచ్చి, తిప్పింది. కాలిన మాంసం వాసన గదంతా కమ్మింది. వాడు ముఖం పట్టుకుని వెనక్కి పడ్డాడు. ఆమె ఐరన్ వదలకుండా మీసాలవాడి మీదికి తిరిగింది. అప్పుడు తమ్ముడి లాఠీ ఆమె భుజమ్మీద పడింది. పుట్టాక అతను ఆమెను కొట్టడం అదే మొదలు. రెండో దెబ్బ తల మీద. నేల మీద పడిపోయింది. కళ్లలోకి రక్తం దిగి అంతా ఎర్రగా కనిపించింది.

మూడోసారి లాఠీ ఎత్తినప్పుడు వెనక గది తలుపు తెరుచుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల తల్లి గోడ పట్టుకుని వచ్చింది, వచ్చి కూతురి మీద పడిపోయింది. లాఠీ అప్పటికే కిందికి దిగుతోంది. ఆవిడ ముంజేతి ఎముక విరిగిన చప్పుడు మాత్రం గదిలో అందరికీ వినబడింది.

తల్లి ఏడవలేదు. "ఇంకా కొట్టాలా?" అంది.

కింద దుకాణంలోవాళ్లు తలుపు పగలగొట్టి వచ్చేసరికి మీసాలవాడు వంటింటి కిటికీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. బండవాడు నేల మీద దొర్లుతున్నాడు. తమ్ముడు మాత్రం కదల్లేదు. చిప్‌ల మధ్య గొంతుక్కూర్చుని, తల్లి చేతిని తన ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. దుకాణంవాళ్లు అతన్ని కొట్టారు. అతను అడ్డుకోలేదు.

కార్డు ఆ సాయంత్రమే జడ్జి చేతికి చేరింది. ఆయన నెల దాకా ఆగలేదు, మర్నాడు పొద్దున్నే జైలుకు వెళ్లాడు. మెకానిక్ శవాన్ని తవ్వి తీయించాడు. కాంపౌండరు రాసినట్టే ఆరు పక్కటెముకలూ విరిగి ఉన్నాయి. విచారణలో కాంపౌండరు నోరు తెరవలేకపోయాడు. దవడకు తీగలు చుట్టారు. మందుల షాపావిడ ఇచ్చిన యంత్రం మీద అతను ఒక్కో జవాబూ టైపు కొట్టి చూపిస్తే, గుమస్తా పైకి చదివాడు. అవతలి లాయరు అంత చిన్న బొమ్మను నమ్మాలా అని నవ్వబోయాడు. మెకానిక్ భార్య ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమెను చూసి నవ్వు ఆపుకున్నాడు.

తమ్ముడికి తొమ్మిదేళ్ల శిక్ష పడింది. మిగతా ఇద్దరికీ ఏడేసి. వేరే ఊరి జైలుకు పంపారు.

అక్క కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ మడతపడలేదు. బ్యాటరీలు, తెరలు ఎలాగోలా మార్చగలుగుతోంది గానీ చిప్‌ల పని ఆమెవల్ల కావడం లేదు. మందుల షాపావిడ షాపు కట్టేశాక వచ్చి నేర్చుకుంటోంది. పక్కన కూర్చుని అక్క తిడుతూ ఉంటుంది, ఆవిడ అతుకుతూ ఉంటుంది. కాంపౌండరు యంత్రాన్ని ఇద్దరూ కలిసి మూడు పాడైన యంత్రాల ముక్కల్తో మళ్లీ నిలబెట్టారు. దాన్ని ఇవ్వడానికి వెళ్లిన రోజున అక్క అతని కాళ్ల దగ్గర కూర్చుని, కుళాయి దగ్గర తను అన్న మాట చెప్పింది. అతను దవడ నిమురుకున్నాడు. తర్వాత, "కాఫీ తాగి వెళ్లమ్మా" అన్నాడు. అంతకుమించి ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

తల్లి చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆవిడ నెలనెలా కొడుకును చూడ్డానికి వెళ్తుంది. అక్కే బస్సులో తీసుకెళ్లి, జైలు గోడవతల బెంచీ మీద కూర్చుంటుంది. లోపల ఏం మాట్లాడుకుంటారో అడగదు. పోయిన నెల తల్లి బయటికొచ్చి, చీర కొంగుతో ముఖం తుడుచుకుని, "నువ్వూ రమ్మన్నాడే" అంది.

అక్క గేటు వైపు చూసింది. లేచి నిలబడింది కూడా.

"ఈసారికి వద్దమ్మా" అంది. తల్లి మంచి చెయ్యి పట్టుకుని మెల్లగా బస్సు దగ్గరికి నడిపించింది.