పొయ్యికి అరుగు కావాలా, వద్దా

జూలై నెలలో, ఎండ ఫెళఫెళా కాస్తున్న ఒక మంగళవారం పూట, కాలెర్వో తిమోనెన్ తన ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చలిపొయ్యిని సమ్మెటతో పగలగొట్టాడు. నేను ఉత్తరాలు తీసుకుని వెళ్ళేసరికి వాకిట్లో ఇటుకల గుట్ట, గుట్ట మీద పిల్లి, పిల్లి పక్కన మసి కొట్టుకుపోయిన కాలెర్వో ఉన్నారు.

"ఇదేం పని కాలెర్వో? బాగున్న పొయ్యిని పట్టుకుని..."

"బాగుందా? ముప్ఫై ఏళ్ళుగా పొగ ఇంట్లోకీ, వేడి బయటికీ పంపించింది. సెప్టెంబరుకి కొత్తది వస్తోందిగా. చోటు చేస్తున్నా."

గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ తైమి, అంటే కాలెర్వో భార్య, "కొత్తది ఇంకా కాగితం మీదే ఉంది వియెనో. ఈయన మాత్రం పాతదాన్ని అప్పుడే సాగనంపేశాడు," అంది నాతో.

కాలెర్వో గురించి చెప్పాలి. మా ఊళ్ళో ఉత్తరాలు పంచే పని నాకు అతని దగ్గర్నుంచే వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు చేశాడు. ఎండాకాలం సైకిలు మీద, చలికాలం మంచుబండి మీద, చివర్లో పచ్చ వ్యానులో తిరిగాడు. ఆ ఉద్యోగంలో అతనికి చిరాకు పుట్టించేది ఒక్కటే: ఉత్తరం కోసం డబ్బా దగ్గర కాచుకుని నిలబడే మనుషులు. "వస్తే తెస్తా, రాకపోతే తేను. మీరు నిలబడితే ఉత్తరం తొందరగా నడవదు," అని మొహం మీదే అనేవాడు. అలాంటి మనిషి పదవీ విరమణ చేసిన మరుసటేడే రోజూ పదిన్నరకి డబ్బా దగ్గర నిలబడ్డం మొదలుపెట్టాడు. కారణం ఆ కొత్త పొయ్యి కబురు.

సరస్సు అవతలి ఒడ్డున బలపపు రాయి గని ఉంది. పిల్లలు పలక మీద గీసే బలపం రాయే. కానీ మా దగ్గర దాన్ని దూలాలంత దిమ్మలుగా కోసి పొయ్యిలు కడతారు. ఆ రాయికి వేడి ఎక్కడం ఆలస్యం, దిగడం అంతకన్నా ఆలస్యం. గని పక్కన పని కొట్టంలో ఎవర్టి పీరొయినెన్ అనే మేస్త్రి ఉండేవాడు. రాయి విషయంలో ఆయనంత గట్టివాడు లేడు. మనుషుల విషయంలో మాత్రం వెన్న. ఎవరికీ కాదని చెప్పలేడు. ఆ వసంతంలో ఆయన మా ఊరి కొట్టు గోడ మీద ఒక బొమ్మ అతికించాడు. కొత్త రకం పొయ్యి. సగం కట్టెలు చాలు. పొద్దున్న రెండు మోపులు వేస్తే మర్నాటి పొద్దుటి దాకా వెచ్చదనం. బొమ్మ కింద రాశాడు: "కావలసినవారు పేరు ఇవ్వండి. సూచనలుంటే ఉత్తరం రాయండి."

పంతొమ్మిది ఇళ్ళవాళ్ళు పేర్లిచ్చారు. మొదటి పేరు కాలెర్వోది. జూలైలో పాతది పగలగొట్టాక అతను, మేస్త్రి ఊరికే ఇచ్చిన బలపం ముక్కతో, పాత పొయ్యి పోయిన చోట నేల మీద కొత్తదాని కొలతలు గీశాడు. ఆ రోజునుంచీ ఆ గీతల లోపల ఎవరూ కాలు పెట్టకూడదు.

"అక్కడ పొయ్యి ఉంది," అనేవాడు.

"ఎక్కడ?" అనేది తైమి.

"ఉందనుకో."

దాంతో తైమి వంటింట్లోంచి కిటికీ దగ్గరికి పోవాలంటే లేని పొయ్యి చుట్టూ తిరిగి పోవలసి వచ్చేది. పిల్లి రూసినా మాత్రం తిన్నగా వెళ్ళి గీతల నడుమ పడుకునేది. "చూశావా, దానికి అప్పుడే వెచ్చగా ఉంది," అని కాలెర్వో మురిసిపోయేవాడు.

ఆగస్టులో ఉత్తరాలు మొదలయ్యాయి. ఒకరోజు కాలెర్వో నన్ను కట్టెల కొట్టం వెనక్కి పిలిచి, చొక్కాలోంచి కవరు తీశాడు.

"మేస్త్రికి ఇవ్వు. తైమికి చెప్పకు."

"పోస్టు సంగతులు ఎవరికీ చెప్పను కదా. నువ్వే నేర్పించావు."

"మంచిది. పేరు కూడా పెట్టలేదు. 'చలికి తాళలేని ఒకడు' అని రాశా."

మర్నాడు తైమి వ్యాను దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, ఏప్రాను జేబులోంచి కవరు తీసింది.

"మేస్త్రికి. ఆయనకి తెలియకూడదు."

"పేరు పెట్టావా?"

"పెడతానా? 'వంటింటి మనిషి' అని రాశా."

ఇంక చూసుకోండి. అక్టోబరు ఆఖరుకి కాలెర్వోవి పదకొండు, తైమివి పదమూడు. రెండు కవర్లూ నా సంచీలో పక్కపక్కనే పడుకుని సరస్సు దాటేవి. లోపల ఏముందో నాకు తెలియదు. మేస్త్రి మొహం మాత్రం తెలుసు. వారం వారం పాలిపోయేది. సెప్టెంబరులో కొట్టు గోడ మీద కొత్త కాగితం వెలిసింది: "నమూనా మెరుగుపరుస్తున్నాం." అక్టోబరులో: "ఇంకా మెరుగుపరుస్తున్నాం." నవంబరులో: "దయచేసి ఇక ఉత్తరాలు వద్దు." ఆ కాగితం అతికించిన వారంలో నేను ఆయనకి మూడు ఉత్తరాలు అందించాను.

నవంబరు మధ్యకి చలి సున్నాకి కింద పద్దెనిమిది డిగ్రీలు. తక్కిన పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు పాత పొయ్యిల్లోనే కట్టెలు పెట్టి సర్దుకున్నారు, ఎందుకంటే వాటిని ఎవరూ పగలగొట్టుకోలేదు. కాలెర్వో, తైమి వంటింటి నీళ్ళ గొట్టం గడ్డకట్టకుండా చిన్న కరెంటు హీటరు ఒకటి అక్కడ వదిలి, వాకిట్లో ఉన్న సౌనాకి, అంటే ఆవిరి స్నానాల గదికి, కాపురం మార్చారు. అందులో రాళ్ళ పొయ్యి ఉంది కదా. పై బల్ల మీద కాలెర్వో, కింది బల్ల మీద తైమి, ఊడిన చీపురు మీద పిల్లి. రేడియో, గడియారం, పెళ్ళి ఫోటో కూడా తెచ్చి పెట్టుకున్నారు. ఫోటో రెండో రోజుకే ఆవిరికి అలలు తేలింది.

డిసెంబరు ఆరు, మా దేశపు స్వాతంత్ర్య దినం. ఆ రోజు ఏటా తిమోనెన్ వాళ్ళింట్లో కాఫీ. ఇల్లు గడ్డకట్టినా ఆనవాయితీ మానేది లేదంది తైమి. సౌనా కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగించారు. చర్చిలో వాద్యం వాయించే హుత్తునెన్ నల్ల సూటు, మెడల్‌తో వచ్చాడు. ఆయన భార్య సిల్కు దుస్తులేసుకుంది. నేను యూనిఫారంలో. అందరం బల్లల మీద వరసగా, మోకాళ్ళ మీద కాఫీ కప్పులు పెట్టుకుని కూర్చున్నాం. బియ్యపు జావ నింపిన పిరక్కలనే రై పిండి కజ్జికాయలు, మీగడ కేకు.

మాటలు బాగానే సాగాయి. కానీ కాలెర్వోకి ఒక అలవాటు. సౌనాలో మాటల మధ్య సందు దొరికితే చెయ్యి దానంతట అదే నీళ్ళ గరిటె మీదికి పోతుంది. హుత్తునెన్ దేశం గురించి గంభీరంగా ఏదో చెప్పి ఒక్క క్షణం ఆగాడు. కాలెర్వో గరిటెడు నీళ్ళు రాళ్ళ మీద కొట్టాడు.

స్‌స్‌స్‌...

ఆవిరి పైకి లేచింది. హుత్తునెన్ కళ్ళజోడు తెల్లబడింది. కేకు మీది మీగడ పక్కకి జరగడం మొదలుపెట్టింది.

"కాలెర్వో!" అంది తైమి.

"పొరపాటు. అలవాటులో వచ్చేసింది. నువ్వు కానియ్యి హుత్తునెన్, దేశం గురించి చెబుతున్నావు."

హుత్తునెన్ మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ గరిటె. మూడోసారికి ఆయన కోటు విప్పాడు, నాలుగోసారికి టై. ఐదోసారికి ఆయన భార్య లేచి, "ఇంకో మాట మాట్లాడావంటే నీ చొక్కా కూడా పోతుంది, పద ఇంటికి," అని చెయ్యి పట్టుకు లాక్కెళ్ళింది. వాకిట్లో మంచులో ఆయన నెత్తిమీంచి పొగలు కక్కుతూ నడవడం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

జనవరిలో మేస్త్రి అందరికీ కబురు పెట్టాడు. శనివారం మధ్యాహ్నం కొట్టంలో నమూనా చూపిస్తానని. కాలెర్వో కారు చలికి కదలనంటే ఇద్దరినీ నా వ్యానులో ఎక్కించుకున్నాను. దారి పొడుగునా కాలెర్వో పిల్లాడిలా కాళ్ళు ఊపాడు.

మేస్త్రి గుడ్డ తీశాడు. మట్టితో చేసిన నమూనా. అది పొయ్యిలా లేదు, కాళ్ళు ముడుచుకుని పడుకున్న దుప్పిలా ఉంది. ఎడమ పక్క ఒక అరుగు, కుడి పక్క ఇంకో అరుగు, రెండూ సగంలో తెగిపోయాయి. రొట్టెల గూడు పైన ఒకటి, కింద ఒకటి.

"మీరు అడిగినవన్నీ పెట్టాను," అన్నాడు మేస్త్రి నీరసంగా. "ఇద్దరే ఇద్దరు నన్నీ గతికి తెచ్చారు. వినండి." జేబులోంచి ఒక ఉత్తరం తీసి చదివాడు: "'పొయ్యికి అరుగు ఉండాలి. ఆరడుగుల మగాడు కాళ్ళు బార్లా చాపుకుని పడుకునేంత పొడుగు.'"

తైమి చటుక్కున లేచింది. "ఎవడా సోమరిపోతు? పొయ్యి మీద పడుకోవడానికి కొనుక్కుంటున్నాడా? వాడి పెళ్ళాం ఎంత పాపం చేసుకుందో!"

కాలెర్వో టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. మేస్త్రి రెండో ఉత్తరం తీశాడు. "'అరుగు వద్దే వద్దు. పెడితే మా ఇంట్లో మనిషి పొద్దుటి కాఫీ నుంచి రాత్రి వార్తల దాకా దాని మీంచి లేవడు.'"

ఇప్పుడు కాలెర్వో లేచాడు. "ఏ గయ్యాళిది అది? ఒక మనిషి నడుం వాలిస్తే ఓర్వలేకపోతోంది! నా తైమి అలాంటిది కాదు, దేవుడి దయ!"

తైమి బూట్ల వైపు చూసుకుంది. నేను పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాను. మేస్త్రి మూడోది తీశాడు. "'పైన పిల్లికి ఒక గూడు కూడా పెట్టండి. మా రూసినాకి నడుం నొప్పి.'"

రూసినా అంటే మా భాషలో ఎండు ద్రాక్ష. మా ఊళ్ళో ఆ పేరున్న పిల్లి ఒక్కటే. కొట్టంలో ఉన్న తలలన్నీ ఒకేసారి తిరిగాయి.

"అది... నేను రాసిందే," అన్నాడు కాలెర్వో.

"పిల్లి గురించి నేనూ రాశాను," అంది తైమి. తర్వాత నెమ్మదిగా, "మిగతావి కూడా," అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, తర్వాత నన్ను చూశారు.

"నీకు తెలుసా?" అన్నారు ఒకేసారి.

"పోస్టు సంగతులు ఎవరికీ చెప్పను," అన్నాను.

పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టారు. హుత్తునెన్ భార్య అందరికన్నా గట్టిగా, "మీరిద్దరూ ఆ గదిలోకి పోయి తేల్చుకోండి! తేలేదాకా బయటికి రావద్దు," అంది. మేస్త్రి గదిలో వాళ్ళని పెట్టి తలుపేశారు. హుత్తునెన్ తలుపుకి చెవి ఆనించి మాకు వార్తలు అందించాడు.

"ఆమె అరుస్తోంది... ఇప్పుడు ఆయన... ఇప్పుడు ఇద్దరూ నవ్వుతున్నారనుకుంటా. కాదు, దుంగ లాగుతున్నారు."

గంటకి బయటికి వచ్చారు. దుంగ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కొలుచుకున్నారట: అరుగు ఉంటుంది, ఇద్దరు కూర్చునేంత మాత్రమే, పడుకునేంత కాదు. కాలెర్వో గొర్రెతోలు కోటు విప్పకుండా కూర్చోవడంతో జానెడు కలిసొచ్చిందని తైమి తర్వాత కనిపెట్టింది. రొట్టెల గూడు ఒక్కటే, ఆమె చెప్పిన ఎత్తులో. పిల్లి గూడు మీద తగువే లేదు. మేస్త్రి పాత బొమ్మ తీసి మూడు గీతలు మార్చి, ఉత్తరాలన్నీ అందరి కళ్ళెదుటే నిప్పుల్లో వేశాడు.

మార్చిలో పొయ్యి వచ్చింది. దాన్ని మోసుకురావడానికి ఆరుగురు, సలహాలివ్వడానికి పదిహేనుమంది. కొత్త రాయిని ఒక్కసారిగా కాల్చకూడదు. మొదటి వారం రోజుకి గుప్పెడు పుల్లలే. ఆ వారమంతా ఇద్దరూ కోట్లు, చేతి తొడుగులు వేసుకుని గుప్పెడు మంట ముందు కూర్చున్నారు. "తగిలిందా?" "లేదు." "ఇప్పుడు?" "నువ్వు మాట్లాడితే తగలడం లేదు."

ఎనిమిదో రోజు మోపు పెట్టారు. ఆ మధ్యాహ్నం నేను రిజిస్టరు పార్సెలు తీసుకుని వెళ్ళాను. రెండుసార్లు తలుపు కొట్టి లోపలికి పోయాను. గది గదంతా వెచ్చగా, మనిషి అప్పుడే లేచిన పక్కలా ఉంది. అరుగు మీద కాలెర్వో, ఆనుకుని తైమి, ఇద్దరి వీపులూ రాయికి. గూట్లోంచి రూసినా తోక వేలాడుతోంది.

"సంతకం కావాలి," అన్నాను.

ఎవరూ కదల్లేదు.

"కాఫీ కెటిల్లో ఉంది, పోసుకో," అన్నాడు కాలెర్వో కళ్ళు తెరవకుండానే. "సంతకం కూడా నువ్వే పెట్టేసుకో వియెనో. నా చేతిరాత నీకు వచ్చుగా."