పది లెక్కపెట్టే నియమం

ఫోన్‌లోంచి స్టీలు పళ్ళెంలో పాచిక దొర్లిన చప్పుడు వినిపిస్తే నాకు వెంటనే రజియా మేడం గుర్తొస్తారు. ఆన్‌లైన్‌లో మా కథల ఆట ఆడేటప్పుడు ఎవరి పాచిక వాళ్ళింట్లోనే పడుతుంది కదా, మిగతావాళ్ళు నమ్మేదెలా అని మేం తలలు పట్టుకున్నాం. "పళ్ళెంల ఎయ్యండి, చప్పుడు అందరు వింటరు. మీరు చెప్పిందే అంకె," అని ఆవిడ ఒక్క మాటలో తేల్చేశారు. పోయిన వానాకాలంలో మేడం కన్నుమూశారు. ఆమెను చూడనివాళ్ళకు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలంటే, నేను చేసిన ఒక మొండి పనితోనే మొదలుపెట్టాలి.

మేడం వనపర్తిలో మా డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్. నోరు విప్పని పిల్లల్ని వెతికి పట్టుకుని, మధ్యాహ్నాలు బల్ల చుట్టూ కూర్చోబెట్టి కథల ఆట ఆడించేవారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయి, తామేం చేస్తారో చెబుతారు. అది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ మేడం నడిపేవారు, నియమాల పుస్తకం నా చేతిలో ఉండేది. అది నాకు మొత్తం కంఠతా వచ్చు, ఆ గర్వమూ దండిగానే ఉండేది. అడవి అంచున ఉన్న మన్ననూరు నుంచి వచ్చిన లింగమ్మ మొదటి ఏడాదంతా క్లాసులో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ బల్ల దగ్గర మాత్రం కోట కాపలాదారుగా మారిపోయి మా అందరి మీదా అరిచేది.

డిగ్రీ అయ్యాక తలా ఒక దిక్కు పోయాం. గద్వాల నుంచి ఇద్దరు, వనపర్తి నుంచి మేడం, పెబ్బేరు నుంచి నేను, మన్ననూరు నుంచి లింగమ్మ వారానికోసారి ఫోన్లలో కలిసేవాళ్ళం. లింగమ్మ ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు. రోడ్డు మీదకు నడిచొచ్చి, నిలబడే ఆడేది. సరిగ్గా ఆమె వంతు వచ్చేసరికి లైను తెగేది. మాకు విసుగొచ్చింది. వంతు వచ్చినవాళ్ళు పది లెక్కపెట్టేలోపు పలకాలని పుస్తకంలో ఉంది, అమలు చేయాల్సిందేనని పట్టుబట్టాను. ఆ వారమే కోట గోడ మీద లింగమ్మ కాపలాదారును శత్రువులు చుట్టుముట్టారు. లైను పోయింది. నేను పది లెక్కపెట్టి, వంతు పోయింది కాబట్టి కాపలాదారు చచ్చిపోయాడని ప్రకటించాను. లైను కలిశాక సంగతి విని లింగమ్మ "సరే" అంది. మరునాడు గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

మేడం నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఫోన్ చేసి, "శ్రీలతా, వచ్చే ఆట అంగడి రోజు పెట్టుకుందాం. మీ నాయినతోని ఎడ్ల అంగడికి పోతవ్ గద, ఆడనుంచే ఆడు," అన్నారు.

"ఆ గడబిడల ఎట్ల ఆడుత మేడం?"

"నీ రూలుంది గద. పరేషాన్ ఎందుకు?"

పెబ్బేరు సంతలో ఒక చెవికి ఫోను, రెండో చెవికి అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఎడ్ల గంటలు, వ్యాన్ల హారన్ల మధ్య నా వంతు వచ్చిందని తెలిసేలోపే మేడం పది లెక్కపెట్టేశారు. అలా మూడుసార్లు. "నేను ఈడనే ఉన్న మేడం!" అని చుట్టూ అందరూ తిరిగి చూసేలా అరిచాను.

"లింగమ్మ గూడ ఆడనే ఉండె బిడ్డా," అన్నారు మేడం.

పక్కనే మా నాయన ఒక బేరగాడితో తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళతో బేరమాడుతున్నాడు. ఇంకో ఇద్దరు కొనేవాళ్ళు వచ్చి, చూసి, పక్కకు పోయారు. వాళ్ళెందుకు తొందరపెట్టలేదని తర్వాత నాయన్ని అడిగాను. "చెయ్యి ఇడిచిపెట్టేదాక బేరం అయిపోనట్టే. నడుమల ఎవ్వరు రారు. అందాక ఇంకో జత చూసుకుంటరు," అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. ఇంటికి రాగానే కూర్చుని రాశాను. ఆటగాళ్ళు తమ నోటితో 'అయిపోయింది' అనేదాకా వంతు వాళ్ళదే. అందాకా మిగతావాళ్ళు కథలో ఇంకోచోట ఆడుకోవాలి, లైను తెగినవాళ్ళ పాత్ర జోలికి ఎవరూ పోకూడదు.

మేడం విని, "మంచిగుంది. లింగమ్మకు చెప్పినవా?" అన్నారు.

"గ్రూపుల పెట్టిన మేడం."

"ఆమె గ్రూపుల లేదు గద. పోయి చెప్పు."

తెల్లారి మన్ననూరు బస్సెక్కాను. లింగమ్మ ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కాగితం రెండుసార్లు చదివి, "మల్ల సచ్చినోని సంగతేంది?" అంది. పుస్తకం ప్రకారం చచ్చిన పాత్ర తిరిగి రాకూడదు. నేనేమో ఆ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా దాటనిదాన్ని.

"సావలేదు. తప్పు నాది. లెక్కపెట్టకుండ ఉండాల్సింది," అన్నాను.

లింగమ్మ కాగితం మడిచి దాచుకుంది. "గట్లయితె ఇంక గోడ మీదనే ఉన్నడు. నా వంతు అయిపోలె," అంది.

ఇప్పుడు ఆట నేను నడుపుతున్నాను. నా మొండితనం ఎక్కడికీ పోలేదు, మేడం దాన్ని ఇంకోవైపు తిప్పారంతే. ఏ కొత్త నియమం రాసినా ముందు లింగమ్మకే పంపుతాను. ఆమె రోడ్డు మీదకు వచ్చి చూసుకుని జవాబివ్వడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. అందాకా ఆట మొదలుపెట్టను.