నున్నటి రోడ్డు మీద రెండు దెబ్బలు

దెయ్యాలూ భూతాలూ అంటే నవ్వేసేవాళ్ళలో నేనొకణ్ణి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మెకానిక్కుకి అలాంటి నమ్మకాలుంటే పని సాగదు. బండిలో శబ్దం వచ్చిందంటే ఎక్కడో ఏదో వదులైంది, లేదా అరిగింది, లేదా విరిగింది. వెతికితే దొరుకుతుంది. దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదన్నమాట. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరికీ ఇదే చెప్పాను. ఒక్క బండి విషయంలో మాత్రం ఆ మాట నాకే పనికి రాలేదు.

అరవయ్యో దశకం చివర. విజయనగరంలో చిన్న రేకుల షెడ్డు పెట్టుకుని అప్పటికి రెండేళ్ళు. నాకు ఇరవై ఆరేళ్ళుంటాయి. మా అక్క నర్సమ్మని పైడిరాజు అనే డ్రైవరుకిచ్చాం. మా వైపు అక్కని అప్ప అంటాం. బావ ఒక నార వ్యాపారి దగ్గర పనిచేసేవాడు. ఆ వ్యాపారికి రెండో ప్రపంచయుద్ధం నాటి పాత పికప్పు బండి ఉండేది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక చెక్క తొట్టి. పల్లెల్లో గోగునార కట్టలు ఎత్తుకుని నెల్లిమర్ల మిల్లుకి చేర్చడం దాని పని.

బావ మంచి డ్రైవరు. పన్నెండేళ్ళలో ఒక కోడిపిల్లని కూడా తొక్కలేదని చెప్పుకునేవాడు. నోరు మూసుకుని అరగంట కూర్చోలేని మనిషి.

మాఘమాసంలో ఒక రోజు ఉదయం బండి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"ముందు ఎడం పక్క దబ్బుమంటన్నాదిరా. ఓపాలి సూడు," అన్నాడు.

పెద్ద విషయం అనుకోలేదు. ఆ బండికి ముందు ఇరుసు మీద రెండు పక్కలా ఉక్కు పట్టీలు పేర్చిన కమాను కట్టలు ఉంటాయి. కట్ట చివర్లని చట్రానికి కలిపే చోట పిన్నులు, వాటి చుట్టూ ఇత్తడి బుష్షులు ఉంటాయి. మన రోడ్లకి ముందు అరిగేవి అవే. జాకీ ఎత్తి, గడ్డపార పెట్టి కదిపితే ఎడమ పక్క బుష్షు లొడలొడలాడింది. విప్పి చూస్తే కోడిగుడ్డులా కోలగా అరిగిపోయింది. లేతు మీద కొత్తది తిప్పించి వేసి, గ్రీజు కొట్టి పంపించాను.

మూడో రోజుకి మళ్ళీ వచ్చాడు. అదే శబ్దం.

ఈసారి కట్టని ఇరుసుకి పట్టి ఉంచే బోల్టులు చూశాను. కొద్దిగా వదులు. బిగించి, ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిపి సుద్దముక్కతో ఒక గీత గీశాను. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విడిపోయి కనిపిస్తుంది. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. గీతలన్నీ గీసినవి గీసినట్టే ఉన్నాయి.

తరవాత షాకబ్జార్వర్లు రెండూ తీసేసి, అవి లేకుండానే నడిపి చూడమన్నాను. శబ్దం పోలేదు. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపాను, చక్రం పక్కకి తిరిగే కింగ్ పిన్నుల్లో వదులు లేదు. స్టీరింగు రాడ్లు చూశాను. ఇంజను దిమ్మలు చూశాను. క్యాబిను బోల్టులు కూడా వదల్లేదు. బాగున్న బండిని విప్పడం, బిగించడం.

ఈలోగా ఒక మధ్యాహ్నం అప్ప షెడ్డుకి వచ్చింది. అప్పుడు తనకి ఏడో నెల. ఎండలో అంత దూరం నడిచి వచ్చి, టైరు మీద కూర్చుని ఆయాసపడింది.

"మీ బావ తిండి తినడం నేదురా. కంచం ముందు కూకుంటాడు, లెగిసిపోతాడు. ఏటంటే బండి అంటాడు. ఆ బండిని బాగుసేసెయ్యిరా, నీకు పున్నెవుంటాది."

బాగుచేస్తానన్నాను. కానీ అప్పటికే బావ తీరు నాకు వింతగా అనిపిస్తోంది. బావ నా షెడ్డుకి వచ్చినప్పుడల్లా గంటసేపు మాట్లాడేవాడు. ఇప్పుడు మూలన నిలబడి నా చేతులకేసి చూస్తూ ఉండేవాడు. బండి కింద నుంచి నేను తల బయట పెట్టగానే, "దొరికిందా?" అనేవాడు. అంతే.

ఇంకో విషయం కూడా నాకు పొసగలేదు. కమాను దగ్గర లోపం ఉంటే గోతుల్లో శబ్దం రావాలి. ఈ బండికి గోతుల్లో రావడం లేదట. నున్నటి తారు రోడ్డు మీదే వస్తోందట.

మర్నాడు బండిలో నేనే ఎక్కాను. మిల్లు వైపు కొత్తగా తారు వేసిన రోడ్డు ముక్క ఒకటుంది, అక్కడికి వెళ్ళాం. పొద్దున్న తొమ్మిది, తొమ్మిదిన్నర. ఎండ బాగా కాస్తోంది. బావని మెల్లగా నడపమని, నేను బయట ఎడమ మడ్‌గార్డు మీద బోర్లా పడుకుని, చెయ్యి కిందకి జాపి కమాను చివర పిన్ను మీద వేలు పెట్టాను. అక్కడ వదులుంటే చెవికంటే ముందు వేలికి తెలుస్తుంది.

ఒక ఫర్లాంగు ఏమీ లేదు. తరవాత వచ్చింది. నా చెంప కిందే, స్పష్టంగా. దబ్.

నా వేలికి ఏమీ తెలియలేదు. పిన్ను అదరలేదు. చెవికి మాత్రం దెబ్బ వినిపించింది. ఇంతలో వెనక నుంచి ఇంకోటి. దబ్.

రోడ్డు చూశాను. అద్దంలా ఉంది. గులకరాయి కూడా లేదు.

ఇంకాస్త వేగంగా పొమ్మన్నాను. మళ్ళీ వచ్చింది. రెండు దెబ్బల మధ్య ఎడం తగ్గింది. బాగా మెల్లగా, మనిషి నడిచినంత వేగంలో పొమ్మన్నాను. ఎడం పెరిగింది. ముందు ఒకటి. చాలాసేపు ఆగి వెనక ఒకటి.

బండి భాగం ఏదైనా వదులైతే అలా మోగదు. ముందు చక్రం దేన్నో ఎక్కి దిగితే, తరవాత వెనక చక్రం దాన్నే ఎక్కి దిగితే మోగే మోత అది. ఇన్నాళ్ళూ బండిలో లేని లోపం కోసం బండిని విప్పుతున్నాను.

ఆపమన్నాను. దిగి క్యాబిను తలుపు దగ్గరకి వెళ్ళాను. బావ స్టీరింగు వదల్లేదు.

"బావా, దేని మీద ఎక్కించినావు?" అని అడిగాను.

అతను నా వైపు తిరగలేదు. మొహం మీద నుంచి చెమట కారినట్టు కన్నీళ్ళు కారాయి.

అప్పుడు చెప్పాడు. మొదటిసారి నా దగ్గరకి బండి తెచ్చిన రోజుకి ముందు రోజు జరిగిందది. చీపురుపల్లి వైపు ఒక ఊరి దగ్గర రైతులు ఉలవ మొక్కలు పీకి తారు రోడ్డు మీద పరిచారు. మా వైపు ఇది మామూలే. వచ్చే పోయే బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలుతుంది, కళ్ళం చాకిరీ తప్పుతుంది. డ్రైవర్లెవరూ ఏమీ అనుకోరు, మీద నుంచే పోతారు. బావ కూడా పోయాడు. మిట్టమధ్యాహ్నం. చుట్టుపక్కల మనిషి లేడు. ఆ ఎండు మొక్కల కంప మధ్యలో ముందు చక్రం దేన్నో ఎక్కింది. తరవాత వెనక చక్రం.

"రాయనుకున్నానురా. కంప ఎగిరిపోకండా రాయెట్టుంటారు అనుకున్నాను. మిల్లు గేటు మూసెస్తారని ఆపనేదు. కానీ రాయైతే బండి ఎగరాల గదా? ఎగర్నేదు. మెత్తగా ఎక్కి మెత్తగా దిగినాది."

ఆ తరవాత ఆ దారిన వెళ్ళనే లేదట. ఆరు మైళ్ళు చుట్టు తిరిగి వస్తున్నాడట.

ఉలవ కంపలో పిల్లలు దూరి ఆడుకుంటారు. ఎండకి కంప కప్పుకుని పడుకుంటారు కూడా. నా చిన్నప్పుడు నేనూ పడుకున్నాను. అప్ప మొహం కళ్ళముందుకి వచ్చింది. ఆ ఊరు వెళ్తే బావని కొడతారు, చంపినా చంపుతారు, కాదంటే జైలు. వెళ్ళకపోతే ఈ మనిషి తిండి మానేసి ఇలాగే పోతాడు. ఏది చేసినా అప్పకే దెబ్బ.

మర్నాడు ఉదయం వెళ్ళాం. ఊరి పేరు రాయను, అక్కడి వాళ్ళు ఇంకా ఉన్నారు. ఊరికి కాస్త ఇవతల బండి ఆపి, ఇంజను ఆపొద్దనీ, ఏమైనా గొడవైతే నా కోసం చూడకుండా పొమ్మనీ బావకి చెప్పి నేనొక్కణ్ణే నడిచాను. ప్రతి ఇంటి వైపూ చూస్తున్నాను, ఎక్కడైనా చావు జరిగిన ఇంటి వాలకం కనిపిస్తుందేమోనని.

రోడ్డు పక్కనే మొదటి ఇంటి ముందు ఒక ముసలమ్మ ఉలవలు చెరుగుతోంది. పేరు అసిరమ్మ అని తరవాత తెలిసింది. ఉలవలు కొనడానికి వచ్చానన్నాను. ఆవిడ చేట ఆపి నా చేతులు చూసింది.

"ఉలవలు కొన్నోడి సేతులు కావివి. డ్రైవరువేటి?"

"కాదు. మెకానిక్కుని."

"అయితే బండి కింద ఎవులు పడ్డారో అడగడానికి వొచ్చినావు," అంది.

అక్కడే అరుగు మీద కూలబడ్డాను.

"భయపడకు బాబూ. ఎవులూ పడనేదు. మా ఊళ్ళో ఎవులికీ ఏటీ అవనేదు. ఇలగ అడగడానికి వొచ్చినోల్లలో నువ్వు మూడోవోడివి."

మొదట ఒక లారీ డ్రైవరు వచ్చాడట, కిందటేడు ఉలవ కోతలప్పుడు. తరవాత ఒక జీపు డ్రైవరు. ఇద్దరూ ఒకటే మాట. ముందు చక్రం, తరవాత వెనక చక్రం, మెత్తగా. అప్పటి నుంచి చెవుల్లో అదే మోతని చెప్పుకున్నారట.

"మొదటోడు సెప్పినప్పుడు మా గుండెలాగిపోనాయి. ఊరంతా పిల్లగుంటల్ని లెక్కెట్టుకున్నాం. అందరూ ఉన్నారు. పక్కూరెల్లి అడిగినాం. అక్కడా అందరూ ఉన్నారు. ఆ సోట కంప ఎత్తి సూసినాం, రాయీ నేదు, రప్పా నేదు. ఈయేడు మల్లీ నువ్వొచ్చినావు."

అక్కడ ఇదివరకు ఎవరైనా చనిపోయారా అని అడిగాను. రోడ్డు వేసినప్పటి నుంచీ తను అక్కడే ఉందనీ, ఎవరూ పోలేదనీ చెప్పింది. మరి ఆ ఇద్దరికీ మోత పోయిందా అని అడిగాను.

"ఆల్లు మల్లీ రానేదు. నాకెవులు సెప్తారు? బండి దిగకండానే అడిగీసి ఎలిపోనారు ఇద్దరూను." ఆవిడ దూరంగా ఆగి ఉన్న పికప్పు వైపు చూసింది. "నీతోటొచ్చినోణ్ణైనా దిగమను."

వెళ్ళి బావకి అంతా చెప్పాను. ఎవరికీ ఏమీ కాలేదంటే అతను నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరవాత ఇంజను ఆపి దిగి, నాతో ఊళ్ళోకి నడిచి వచ్చాడు. ఆ చోటు అతనే గుర్తుపట్టాడు. అప్పటికి కంప ఎత్తేశారు, రోడ్డంతా ఖాళీ. మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులతో తారుని తడిమాడు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. అలాగే కూర్చుని, ఎవరికి చెబుతున్నాడో తెలియదు గానీ, "ఆగవలసింది. ఆగనేదు. తప్పయిపోనాది," అన్నాడు. అసిరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సగం తాగి, సగం మొహాన కొట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మిల్లు దగ్గర నున్నటి రోడ్డు వచ్చేసరికి ఇద్దరం ఊపిరి బిగబట్టాం. రోడ్డు అయిపోయింది. ఏమీ వినిపించలేదు. మళ్ళీ ఎప్పుడూ వినిపించలేదు.

అప్పకి ఆడపిల్ల పుట్టింది. బావ మరో ఇరవై ఏళ్ళు బండి నడిపాడు. రోడ్డు మీద కంప కనిపిస్తే మాత్రం ఆపి దిగేవాడు, కర్రతో మొత్తం కెలికి చూసి గానీ పోయేవాడు కాదు. రైతులు నవ్వేవాళ్ళు. వెనక బండ్లు హారన్లు కొట్టేవి. అతను పట్టించుకోలేదు.

నేను చాలాసార్లు ఆలోచించాను. బావ మనసు బెదిరి అలా వినిపించిందనుకుంటే సరిపోతుంది. కానీ అతను నాకు చెప్పకముందే నేను విన్నాను. నా వేలు పిన్ను మీద ఉంది, అది కదల్లేదు. ఆ ఊళ్ళో అందరూ ఉన్నారు, పక్క ఊళ్ళోనూ అందరూ ఉన్నారు. మరి ఆ పదిహేను రోజులూ మా బండి ఎవరి మీద ఎక్కి దిగిందో, నాకు ఇప్పటికీ తెలియదు.