మెట్ల కింద గుడ్ల బకెట్టు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. చేతిలో ఫోను, ఫోనులో వీడియోలు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి! చింతపండు పులుసు నుంచి చిన్నపిల్లల దగ్గు దాకా (అప్పటికి పిల్లలు లేరు, అయినా చూసేదాన్ని) అన్నిటికీ అందులో జవాబు దొరికేది. కొత్తగా కాపురానికి వచ్చినదాన్ని, అత్తని అడిగితే చులకనైపోతానని నా భయం. అడగకపోతే పొగరనుకుంటారని తెలిసే వయసు కాదు. అలా ఫోనుని నమ్ముకుని నెట్టుకొస్తున్న కాపురంలో మొదటి కార్తీక మాసం వచ్చిపడింది.

మా పుట్టిల్లు పద్మనాభం దగ్గర పల్లె, అత్తిల్లు దువ్వాడలో కొత్తగా లేచిన కాలనీ. మా ఆయన స్టీల్‌ప్లాంటులో షిఫ్టుల మీద షిఫ్టులు చేసేవాడు. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోయేవాడు. మా అత్త చెడ్డ మనిషి కాదు గాని ఆవిడ గొంతు పెద్దది, ‘మంచినీళ్లు తాగు’ అన్నా తిట్టినట్టే ఉండేది. ఆ ఇంట్లో నా మాట వినేవి నేను పుట్టింటి నుంచి గంపలో తెచ్చుకున్న నాటుకోడి పెట్టలే. పొద్దున్నే పెరట్లో వాటికి నూకలు చల్లుతూ కష్టసుఖాలన్నీ చెప్పుకునేదాన్ని. అవి మెడ వాల్చి ఎంత శ్రద్ధగా వినేవో!

కార్తీకం మొదలవగానే అత్త వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పేసింది. “ఓలమ్మీ, ఈ నెల్లాళ్లూ గుడ్డన్నది ఈ గడప దాటకూడదు. పిరిజ్జిలో అభిషేకం పాలుంటాయి, అందులో ఎడితే ఊరుకోను.”

“మరి ఈ పెట్టలు కార్తీకమని గుడ్లెట్టడం మానేత్తాయేటత్తా?” అన్నాను.

“మానకపోతే సబ్బవరం సంతకి అంపేత్తాను. ఒక్క గుడ్డు కుల్లి కంపు కొట్టిందంటే సాలు, పెట్టలన్నీ సంతకే. నా మాటంటే మాటే!”

గుడ్లు ఎవరికైనా ఇద్దామంటే వీధి వీధంతా నియమంలో ఉంది. పొదగేద్దామంటే పుంజు లేదు. ఇక ఫోనే దిక్కు. వెతగ్గా వెతగ్గా ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక ఆవిడ సున్నపు నీళ్లలో గుడ్లు నిలవ చేస్తూ కనిపించింది. కడగని తాజా గుడ్లయితే పెంకు మీద సహజంగా ఒక పొర ఉంటుందట, తినే సున్నం కలిపిన నీళ్లలో మొన కిందికి పెట్టి మూత పెడితే నెలల తరబడి ఉంటాయట. ఆవిడ నేలమాళిగలో పెట్టింది. మనకి నేలమాళిగ ఎక్కడిది, చెమటలు కారే విశాఖపట్నం! పెరటి మెట్ల కింద కాస్త చీకటీ చల్లదనమూ ఉంటే అదే నేలమాళిగ అనుకున్నాను.

పాన్ షాపుకి వెళ్లి సున్నం అడిగితే అతను నన్ను ఎగాదిగా చూశాడు. “ఇంత సున్నమేటమ్మా! మీ ఇంట్లో ఆకులు నేకుండా ఒట్టి సున్నమే తింతారేటి?”

“ముసలోళ్లెక్కువన్నయ్యా మా ఇంట్లో,” అని తప్పించుకుని వచ్చాను. తినే గుడ్లని సున్నంలో వేస్తున్నానంటే అత్త గొంతు స్టేషను దాకా వినిపిస్తుంది కాబట్టి ఆవిడకీ నిజం చెప్పలేదు. గుడ్లు వేసే మూత బకెట్టులోవి ఏవో ‘మందు నీళ్లు’ అన్నాను. ఆవిడ ముక్కు విరిచి ఊరుకుంది. నేను రోజూ పెట్టలు పెట్టిన గుడ్లలో శుభ్రంగా ఉన్నవి ఏరి, చప్పుడు కాకుండా బకెట్టులోకి జార్చి, మూత పెట్టి, దానికో దణ్ణం కూడా పెట్టేదాన్ని. నెల చివరికి బకెట్టు నిండిపోయింది, ఇక మూత తియ్యడం మానేశాను. తీసి చూస్తే ఏం కనిపిస్తుందోనన్న భయం కూడా ఉందనుకోండి.

కార్తీకం ముగిసి, పోలిని సాగనంపిన మర్నాడు ఆదివారం. మా ఆయన పొద్దున్నే సెలవు ఉత్సాహంలో “ఈయేల గుడ్ల పులుసేనా?” అంటూ బకెట్టు ముందుకి లాగాడు. నేను దేవుళ్లందరినీ తలుచుకుంటూ మూత తీశాను. లోపల నీళ్లు ఎర్రగా, చిక్కగా, నెత్తురులా ఉన్నాయి.

“ఇదేటే, రగతం! గుడ్లు సితికిపోనాయేటి?” అని మా ఆయన రెండడుగులు వెనక్కి గెంతాడు. (కొలిమి దగ్గర ఉద్యోగం చేసే మనిషి!) “ఉతికిన లుంగీ కట్టుకున్నాను, మీద పడతాది,” అని గొణుక్కుంటూ ముందు గదిలోకి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. కేక విని వచ్చిన అత్త మాత్రం బకెట్టులోకి వంగి, “పసుపు ఎర్రగెలాగయ్యింది?” అంది తనలో తను.

“పసుపేటత్తా?”

ఆవిడ నా వైపు తిరిగింది. “అయితే నువ్వేసింది సున్నమేటే?”

ఒకరి దొంగతనం ఒకరికి ఒకేసారి దొరికింది. పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపని దిష్టి తీసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఎవరికి వాళ్లం దాచుకోబట్టి ఆ బకెట్టు మా ఇద్దరికీ దిష్టి తీసి పెట్టింది. సున్నపు నీళ్ల మీద కట్టే తెట్టుని ఆవిడ బూజనుకుందట. “కుల్లిపోతన్నాయని బెంగెట్టుకుని గుప్పెడు పసుపేసినానే. పసుపేత్తే ఏదీ పాడవదని.”

“కుళ్లితే నువ్వే గెలుద్దువు గదత్తా!”

“గెలిసి నానేటి సేసుకుంతాను? నోరుజారి అనేసినాను, అనేసినాక ఎనక్కెలా తీసుకుంతాను?” అంది, మొదటిసారి చిన్న గొంతుతో. “పొద్దున్నే నువ్వు ఆటితో మాటాడతావు గదా, అది ఇనుకుంటూ దీపమెట్టుకుంటాను. ఆ మాటలు నేకపోతే ఇల్లు బోసిపోద్ది.”

అంటే నా కష్టసుఖాలన్నీ విందన్నమాట! ఆవిడ గొంతు గురించి పెట్టలకి చెప్పినవి కూడా! సిగ్గుతో చచ్చిపోయాను గాని, లోపల ఎక్కడో చల్లగా కూడా అనిపించింది.

ఇద్దరం పెరట్లో పీటలు వేసుకుని కూర్చున్నాం. గుడ్డు కడగడం, విడిగా గిన్నెలో కొట్టడం, వాసన చూడడం. తెల్లసొన కాస్త పలచబడింది, పచ్చసొన చదునుగా పరుచుకుంది, అంతే. ఎర్రగా ఉన్నది పెంకులే. ఒక్కో గుడ్డూ బాగుందని తేలినకొద్దీ ఇద్దరి ముఖాలూ విచ్చుకున్నాయి. ఇక గట్టెక్కామనుకుంటూ ఉండగా, ఎక్కడ బీట పడిందో ఏమో, ఒక గుడ్డు ఠప్పున పేలినట్టు పగిలింది. ఆ కంపు చెప్పడానికి మాటలు లేవు. నేను పెట్టల వంక చూశాను.

“అమ్మా! ఏటా కంపు?” అని లోపల్నుంచి మా ఆయన అరిచాడు.

అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆ గిన్నెని అరటిచెట్టు మొదట్లో బోర్లించి, కాలితో మట్టి కప్పేసింది. “ఈది కాలవ నాయినా! కిటికీ మూసీ!” అంది తన అసలు గొంతుతో.

చన్నీళ్ల స్నానాలూ, ఉపవాసాలూ, దీపాలూ అంటూ నెల్లాళ్లపాటు కూడబెట్టుకున్న పుణ్యంలోంచి ఒక అబద్ధం నా పెట్టల కోసం ఖర్చు పెట్టేసింది మా అత్త. నేనేమో ఆ నెలంతా ఒంటరిగా యుద్ధం చేస్తున్నాననుకుని, పాన్ షాపతనితో సహా లోకమంతటికీ అబద్ధాలు చెప్పి, బకెట్టుకి దణ్ణాలు పెట్టుకున్నాను. ‘పిచ్చి పిల్లా, వెళ్లి ఆవిడ పక్కన కూర్చో’ అని ఆ కొత్త కోడలికి ఇప్పుడైనా చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదులెండి, ముందు ఫోనులో వెతికి చూసేది.